అటక మీది క్యాసెట్టు, హాల్లో లేని ఓటు

(ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక సమావేశంలో మాజీ కార్యదర్శి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న మా మాస్టారికి పాదాభివందనం. అన్నయ్యలకి, వదినలకి, నా తర్వాత చదువుకున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారాలు. వెనక వరుసల్లో వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువైతే చెయ్యెత్తండి, ఒకటి ఆపిద్దాం. ఇళ్ళ దగ్గర నుంచి లింకులో చూస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ముఖ్యంగా వాళ్ళ గురించి. అందుకని ముందు వాళ్ళకి వినబడుతోందో లేదో చూడు తమ్ముడూ. వినబడుతోందట. సరే.

ఇదిగో, దీన్ని చూడండి. వీడియో క్యాసెట్టు. పిల్లలు ఎవరైనా ఉంటే దగ్గరకొచ్చి చూడండి, మీ ఇంట్లో ఇది ఉండి ఉండదు. మా తరానికి మాత్రం దీనితో చాలా జ్ఞాపకాలున్నాయి. క్యాసెట్టు ఆడించే వీసీపీ, కలర్ టీవీ అద్దెకి తెచ్చుకుని, రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లారేలోపు మూడు సినిమాలు. వీధి వీధంతా మన వరండాలోనే. క్యాసెట్టు అంచు మీద ఈ-180 అని రాసుంది చూడండి, అంటే 180 నిమిషాలు, మూడు గంటలు. దీని మీద సినిమా లేదు. 1994లో మన సంఘం సర్వసభ్య సమావేశం ఉంది. మొత్తం ఉంది. ఎవరు లేచారు, ఎవరు ఏమన్నారు, ఎవరు బలపరిచారు, అన్నీ.

ఆ రోజు వీడియో ఎందుకు తీశారని అడుగుతారు. సమావేశం కోసం తీయలేదు. మన బ్యాచ్ అన్నయ్య ఒకాయన ఇంట్లో ముందురోజే పెళ్ళి అయింది. పెళ్ళికి పిలిచిన వీడియో ఆయన ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. "బాబూ, ఒక పూట మా మీటింగు కూడా తీసిపెట్టు" అని తీసుకొచ్చారు. భుజం మీద పెద్ద కెమెరా, వెనకాల లైటు పట్టుకున్న కుర్రాడు. అలా దొరికింది ఈ టేపు. మన చరిత్రలో చాలా భాగం ఇలాగే మిగిలింది. ఎవరి ఇంట్లోనో, ఎవరి పెళ్ళి పుణ్యానో మిగిలింది.

ఆ సమావేశంలో ఏం జరిగిందో ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. చదువు మానేయాల్సిన పరిస్థితిలో ఉన్న పిల్లల కోసం సంఘం ఒక నిధి పెట్టింది. సభ్యులు తలా కొంత వేసి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. దాని మీద తీర్మానం రాశారు. తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి, అంటే సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలోకి, ఎక్కింది. పుస్తకం సంఘం గదిలో చెక్క బీరువాలో పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది కదా. ఆ రోజు ఉత్తరాంధ్రలో ఏ ఇంటి పైకప్పు నిలిచిందో, ఏది ఎగిరిపోయిందో నేను చెప్పక్కర్లేదు. మన గది కిటికీలు పోయాయి. మూడు రోజులు వాన నీళ్ళలో నానింది బీరువా. మినిట్స్ పుస్తకం తీస్తే ముద్ద. సిరా అంతా కారిపోయి నీలం రంగు ముద్ద.

రెండేళ్ళకి గొడవ మొదలైంది. అప్పటి కార్యవర్గంలో కొందరు, ఆ నిధి తీసి కాలేజీకి స్వాగత తోరణం కట్టిద్దాం అన్నారు. దురుద్దేశం ఉందని నేననను. కాలేజీ మీద ప్రేమతోనే అన్నారు. కానీ అది పిల్లల డబ్బు కదా? అసలు సొమ్ము ముట్టుకోకూడదని తీర్మానం ఉంది కదా? "ఉంది" అని మేమన్నాం. "ఎక్కడుంది, చూపించండి" అని వాళ్ళన్నారు. చూపించడానికి ముద్ద తప్ప ఏముంది మా దగ్గర?

అప్పుడు ఈ క్యాసెట్టు దొరికింది. మా స్నేహితురాలి పుట్టింటి ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారు. అటక ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో చీరల కింద, కలరా ఉండల మధ్య కనబడింది. లేబుల్ మీద పెళ్ళి పేర్లే ఉన్నాయి. కింద చిన్న అక్షరాలతో "మీటింగు కూడా" అని ఉంది. ఆ రెండు మాటలు రాసిన చెయ్యి ఎవరిదో గానీ, దానికి నా నమస్కారం.

సరే, దొరికింది. ఆడించేదెలా? వెంటనే ఆడించకపోవడమే మేము చేసిన మంచి పని. క్యాసెట్టుకుండే చిన్న కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లగా బూజు. టేపు అంటే ఏమిటండీ? పల్చటి ప్లాస్టిక్ పట్టీ మీద లోహపు ఆక్సైడ్ పొడిని జిగురుతో అంటిస్తారు. మన బొమ్మ, మన గొంతు అంతా ఆ పొడిలో ఉంటుంది. ఆ జిగురు గాలిలో తేమ పీల్చుకుంటుంది. మన కోస్తాలో తేమకి ఏం కొదవ? జిగురు మెత్తబడితే టేపు అతుక్కుంటుంది, పొడి రాలిపోతుంది. బూజు పట్టిన టేపుని మెషీన్లో పెడితే, లోపల నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ముకి ఆ బూజు అంటుకుంటుంది. ఆ టేపూ పోతుంది, దాని తర్వాత పెట్టిన టేపులూ పోతాయి. నేను ఎలక్ట్రానిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ఇది తెలుసు. తెలియని ఇంట్లో ఏం చేస్తారు? ఆనందంగా తెచ్చి పెట్టేస్తారు. దయచేసి పెట్టకండి.

ఒకప్పుడు మన బజారులో క్యాసెట్లు అద్దెకిచ్చిన ఆయన ఇప్పుడు జిరాక్సు, రీచార్జి షాపు నడుపుతున్నాడు. వాటిని ఆడించే పాత డెక్కు ఒకటి బట్టలో చుట్టి దాచుకున్నాడు. అదృష్టం అది. ఎందుకంటే కొత్తది కొందామన్నా దొరకదు. లోకంలో చివరిదాకా వీసీఆర్లు తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. సరిగ్గా మా గొడవ జరుగుతున్న ఏడాదే. ఆయన క్యాసెట్టు వెనకున్న ఐదు స్క్రూలు విప్పి, రీళ్ళు బయటికి తీసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, స్పిరిట్టుతో తడిపిన మెత్తటి బట్టతో అంగుళం అంగుళం తుడిచి, వేరే కొత్త డబ్బాలోకి మార్చాడు. రెండు రోజులు పట్టింది. తర్వాత పసుపు, తెలుపు, ఎరుపు వైర్లతో ల్యాప్‌టాప్‌కి కలిపాం. టేపుని కాపీ చేయడమంటే పెన్‌డ్రైవు కాపీ చేసినట్టు కాదు. మూడు గంటల టేపు ఎక్కించాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే. ఆ మూడు గంటలు ఆరుగురం ఆ షాపులో నిలబడి చూశాం.

తీర్మానం ఉంది. స్పష్టంగా ఉంది. "అసలు ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి, ఇది మార్చాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతులమంది ఒప్పుకోవాలి." ప్రతిపాదించింది ఒకరు, బలపరిచింది ఒకరు, చేతులెత్తింది అందరూ.

కానీ ఇంకో సంగతి కూడా ఉంది ఆ టేపులో. ఇది చెప్పడం నాకు కష్టం, అయినా చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా నేను అందరికీ ఏం చెబుతూ వచ్చానంటే, ఆ నిధి ఆడపిల్లల కోసం పెట్టిందని. నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు దరఖాస్తులు అలాగే పిలిచాను. టేపులో అలా లేదు. మొదట ఒకరు ఆడపిల్లలకే అన్నారు. దాని మీద చర్చ జరిగింది. మన మాస్టారు లేచి, "తండ్రి లేని పిల్లలు ఎవరైనా సరే, ఆడా మగా చూడొద్దు" అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. నేను ఆ హాల్లోనే ఉన్నాను. టేపులో కనబడుతున్నాను, చెయ్యెత్తాను కూడా. కానీ నా మనసులో మొదటి మాటే మిగిలిపోయింది. అబద్ధం ఆడలేదు, తప్పుగా గుర్తుంచుకున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో ఎంతమంది మగపిల్లలు దరఖాస్తు పెట్టుకోకుండా ఆగిపోయారో. ఆ లెక్క నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు.

అందుకే అంటున్నాను. "నాకు బాగా గుర్తుంది" అన్న మాట మీద సంఘం నడపకూడదు. ఎంత మంచివాళ్ళు అన్నా సరే.

టేపు దొరికింది కదా అని గొడవ దానంతట అది తీరలేదు. టేపు మినిట్స్ కాదు. మేము దాన్ని మాట మాట రాసి, ఆ సమావేశంలో ఉన్నవాళ్ళలో బతికున్నవాళ్ళకి చూపించి, సర్వసభ్య సమావేశం ముందు పెట్టి, తీర్మానం మళ్ళీ చదివి, మళ్ళీ ఆమోదించి, కొత్త పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించాం. ఒక ప్రతి బ్యాంకులో, ఒక ప్రతి సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర. పద్ధతి అంటే అది.

టేపులో లేనివాళ్ళు

ఇంతవరకు టేపులో ఉన్నవాళ్ళ గురించి చెప్పాను. ఇప్పుడు లేనివాళ్ళ గురించి.

ఆ వీడియో ఆయన పెళ్ళి అలవాటు కొద్దీ కెమెరాని హాలంతా ఒకసారి మెల్లగా తిప్పాడు. నేను ఆపి ఆపి లెక్కపెట్టాను. 41 మంది. అప్పటికే మన సభ్యుల జాబితాలో వందల పేర్లున్నాయి. వచ్చింది 41. అందులో ఆడవాళ్ళు ముగ్గురం. మా బ్యాచిలో చదివింది ముగ్గురమేనా? మిగతావాళ్ళు ఎక్కడున్నారు ఆ రోజు? ఎక్కడుంటారండీ, ఇంట్లో. ఒకామె భిలాయిలో, ఒకామె ఖరగ్‌పూర్‌లో, ఒకామె ఇదే ఊళ్ళో రెండు వీధుల అవతల, మంచం పట్టిన అత్తగారికి సేవ చేస్తూ. సభ్యత్వ రుసుము కట్టినవాళ్ళే అందరూ. ఆజీవ సభ్యులు. మరి వాళ్ళు లేకుండా వాళ్ళ డబ్బు గురించి, వాళ్ళ కాలేజీ గురించి 41 మంది నిర్ణయించారు. ఆ రోజు వేరే దారి లేదు. ఒప్పుకుంటాను. కార్డు ముక్క రాస్తే చేరడానికే వారం పట్టే రోజులు.

2020లో దారి దొరికింది. కావాలని వెతికింది కాదు, లాక్‌డౌన్ వచ్చి నెత్తిన పడింది. ఆ ఏడాది మన సమావేశం ఫోన్లలో జరిగింది. కొందరు ఫోనుని టీవీకి కలిపి కుటుంబమంతా కూర్చుని చూశారు. భిలాయి నుంచి మా స్నేహితురాలు వచ్చింది. వెనకాల పొయ్యి మీద కుక్కరు. విజిల్ వస్తే మైకు ఆపడం, మళ్ళీ పెట్టడం. హాస్టల్ ఫీజుల విషయం వచ్చినప్పుడు ఆమె చెయ్యెత్తింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి సంఘంలో ఆమె గొంతు విన్నాం. "నేను ఈ హాస్టల్లో ఉన్నప్పుడు మెస్సు బిల్లు కట్టలేక రెండు నెలలు ఒక పూటే తిన్నాను, నిధి వడ్డీ మెస్సుకి కూడా ఇవ్వండి" అంది. ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళం, మేము హాస్టల్లో ఉండలేదు. ఆ రోజు ఆ సవరణ జరిగింది. ఇవాళ్టికీ పిల్లలు దానివల్ల రెండు పూటలా తింటున్నారు.

తర్వాత ఏమైంది? లాక్‌డౌన్ అయిపోయింది, మళ్ళీ హాల్లోకి వచ్చేశాం. లింకు ఇస్తున్నాం, కాదనను. ఇవాళ కూడా ఇచ్చాం. కానీ ఏమని ఇస్తున్నాం? "ఇంటి దగ్గర నుంచి చూడండి. మాట్లాడడం, ఓటు మాత్రం హాల్లో ఉన్నవాళ్ళకే." అంటే క్రికెట్టు చూసినట్టు చూడమనా? సభ్యురాలు ప్రేక్షకురాలు ఎలా అవుతుంది? విరాళం అవసరమైనప్పుడు మెసేజి వాళ్ళకే ముందు వెళుతుంది. డబ్బుకి పనికొచ్చినవాళ్ళు ఓటుకి పనికిరారా? ఈ ప్రశ్న నేను పాత కార్యవర్గాన్నో కొత్త కార్యవర్గాన్నో అడగడం లేదు. నాతో సహా మనందరినీ అడుగుతున్నాను.

"నియమావళిలో లేదండీ" అంటారు. నిజమే, లేదు. కంపెనీలకైతే 2020 ఏప్రిల్, మే నెలల్లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సర్క్యులర్లు ఇచ్చి, వాటాదారుల సమావేశాలు వీడియోలో పెట్టుకోవచ్చంది. మనది కంపెనీ కాదు. ఇప్పుడు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందికి వచ్చే సంఘం. మనకి మన నియమావళే ఆధారం. అందులో లేకపోతే రాసుకోవాలి. రాసుకునేది ఎవరు? మనమే. అందుకే మధ్యాహ్నం సవరణ పెట్టాం.

పెద్ద యూనివర్సిటీల సంగతి

ఇది మన చిన్న కాలేజీకి వచ్చిన పిచ్చి ఆలోచన అనుకోకండి. ఆక్స్‌ఫర్డ్ సంగతి చెబుతాను. అక్కడ యూనివర్సిటీ ఛాన్సలర్‌ని రాజు నియమించడు, ప్రభుత్వం నియమించదు. అక్కడ డిగ్రీ తీసుకున్నవాళ్ళు ఓటేసి ఎన్నుకుంటారు. ఆ ఓటర్ల సభని కాన్వొకేషన్ అంటారు. మనకి కాన్వొకేషన్ అంటే గౌను వేసుకుని పట్టా పుచ్చుకునే రోజు. అక్కడ అది పట్టభద్రుల సభ పేరు. బాగుంది కదా? కానీ 2003లో క్రిస్ పాటెన్‌ని ఎన్నుకున్నప్పుడు కూడా ఓటు వేయాలంటే ఆక్స్‌ఫర్డ్‌కి స్వయంగా వెళ్ళాల్సిందే. హైదరాబాద్‌లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు ఒక్క ఓటు కోసం విమానం ఎక్కుతాడా? ఎక్కడు. ఆయన పేరుకే ఓటరు.

2024లో మార్చారు. మొదటిసారి ఆన్‌లైన్‌లో ఓటు. 38 మంది పోటీ చేశారు. రెండు విడతలుగా వోటింగు జరిగి, నవంబరు 27న విలియం హేగ్ గెలిచినట్టు ప్రకటించారు. లోకంలో ఏ మూల ఇంట్లో కూర్చునైనా ఓటేశారు. అంతకు ముందు ఇంకో చర్చ జరిగింది, అది మనకి ముఖ్యం. అభ్యర్థులను ముందుగా ఒక కమిటీ వడపోయాలని యూనివర్సిటీ అనుకుంది. అభ్యంతరాలు వచ్చాక ఆ ఆలోచన వదిలేసింది. ఓటు ఇంటికి వచ్చింది సరే, ఓటు వేయడానికి ఎవరి పేర్లు ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్న ఎప్పుడూ పక్కనే ఉంటుంది.

అమెరికాలో హార్వర్డ్ సంగతి ఇంకా పాతది. యూనివర్సిటీ పనిని పర్యవేక్షించే ఓవర్సీర్ల బోర్డు అని ఉంటుంది. 1865లో చట్టం మార్చి దాని ఎన్నికని పట్టభద్రుల చేతికి ఇచ్చారు. మొదట్లో స్నాతకోత్సవం రోజు అక్కడికి వచ్చినవాళ్ళకే ఓటు. తర్వాత ఓటు వాళ్ళ ఇళ్ళకే వచ్చింది. ఇంటికి వచ్చాక ఏమైంది? దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీల్లో యూనివర్సిటీ డబ్బు ఉండకూడదని పోరాడినవాళ్ళు, సంతకాలు సేకరించి అక్కడి ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూని నిలబెట్టారు. 1989లో ఆయన గెలిచారు. అధికారిక జాబితాలో లేని మనిషి పట్టభద్రుల ఓటుతో బోర్డులోకి వెళ్ళారు.

అమెరికాలోనే డార్ట్‌మౌత్ కాలేజీ కథ మాత్రం హెచ్చరిక లాంటిది. అక్కడ 1891లో ఒక ఒప్పందం. కాలేజీని నడిపే బోర్డులోని ట్రస్టీల్లో సగంమంది పూర్వ విద్యార్థులు ఎన్నుకున్నవాళ్ళు ఉంటారని. 2004 నుంచి 2007 దాకా సంతకాల ద్వారా నిలబడ్డ నలుగురు వరసగా గెలిచారు. వాళ్ళు చెప్పిన విధానాలు మంచివా కాదా అన్నది వేరే చర్చ, అందులోకి నేను వెళ్ళను. గెలిచారు. 2007లో బోర్డు ఏం చేసింది? తన సంఖ్యని 18 నుంచి 26కి పెంచుకుంది. పెరిగిన ఎనిమిదిమందినీ బోర్డే ఎంచుకుంటుంది. సగం అన్నది పోయింది. పూర్వ విద్యార్థుల సంఘం కోర్టుకి వెళ్ళింది. మరుసటి ఏడాది సంఘంలోనే ఎన్నిక జరిగి, వేరే పక్షం గెలిచి, ఆ కేసు వెనక్కి తీసుకుంది. చూశారా? ఓటు వేసే సాధనం ఎంత బాగున్నా, దాని చుట్టూ ఉన్న నియమం ఎవరి చేతిలో ఉందో అదే చివరికి నిలుస్తుంది.

మన దేశంలో లేదా అంటే ఉంది. చండీగఢ్‌లో పంజాబ్ యూనివర్సిటీని పాలించే సభ, సెనేట్‌లో 91 మంది. అందులో 15 మందిని రిజిస్టర్డ్ పట్టభద్రులు ఎన్నుకుంటారు. 2025 అక్టోబరు చివర్లో ఆ పట్టభద్రుల సీట్లు తీసేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. విద్యార్థులు, పట్టభద్రులు రోడ్డు మీదికి వచ్చారు. నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర అంత కూడా లేదు. 1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం పాలక మండలిలోకి సభ్యులను నామినేట్ చేసేది ప్రభుత్వం. పట్టభద్రులు ఓటేసి పంపే సీటు అందులో లేదు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో పట్టభద్రులుగా ఓటుంది గానీ, మనం చదివిన చోటు గురించి మనం ఓటేసేది ఒక్క ఈ సంఘంలోనే. ఈ ఒక్కచోట కూడా హాలు వరకే ఆపేస్తే ఎలా?

అందుకే సవరణలో ఏం రాశామో చెబుతాను. కాగితాలు మీ కుర్చీల్లో ఉన్నాయి, లింకులో ఉన్నవాళ్ళకి గ్రూపులో పంపాం. ఇంటి నుంచి హాజరైనవాళ్ళని కోరంలో, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరులో, లెక్కిస్తాం. చర్చలో హాల్లో ఒకరు మాట్లాడితే తర్వాతి అవకాశం లింకులో ఒకరికి. ఓటు సమావేశం రోజునే అక్కడికక్కడ పెట్టం, సమావేశం అయ్యాక మూడు రోజులు తెరిచి ఉంచుతాం. ఎందుకని అడిగారు ఉదయం ఒక తమ్ముడు. ఇక్కడ పొద్దున్న పదకొండు అంటే చలికాలంలో న్యూయార్క్‌లో అర్ధరాత్రి పన్నెండున్నర. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న మనిషిని లేపి ఓటెయ్యమంటామా? పైగా మన పల్లెల్లో కరెంటు, నెట్టు ఎప్పుడు పోతాయో తెలియదు. ఐదు నిమిషాలు నెట్టు పోతే ఓటు పోకూడదు. రికార్డింగ్ ఆ రోజు రాత్రికే అందరికీ పంపుతాం. విని, ఆలోచించి, ఓటెయ్యండి. ఫోను వాడలేని పెద్దలకి పోస్టులో బ్యాలెట్ పంపుతాం, ముందే స్టాంపు అంటించిన కవరుతో సహా. ఒకరి ఫోనులోంచి పదిమంది ఓట్లు వేయకుండా, జాబితాలో ఉన్న నంబరుకి ఓటీపీ. అందుకు ముందు జాబితా బాగుండాలి. నిన్న చూస్తే అందులో కాలం చేసినవాళ్ళ పేర్లున్నాయి, ల్యాండ్‌లైన్ నంబర్లున్నాయి. ఆ జాబితా సరిచేయడానికి ప్రతి బ్యాచి నుంచి ఒకరు కావాలి. టీ విరామంలో నా దగ్గరకి రండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళ విరాళాల గురించి ఒక్క మాట, మళ్ళీ మర్చిపోతాను. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది, విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా వస్తుంది. మనకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి వాళ్ళ దగ్గర తీసుకోకూడదు. కోశాధికారి అన్నయ్య మొహమాటపడుతున్నారని నేను చెబుతున్నాను. వాళ్ళు డబ్బు పంపలేకపోయినా సభ్యులే. మాట, ఓటు రెండూ ఉంటాయి.

ఇక రెండో తీర్మానం. ఇళ్ళల్లో ఉన్న టేపుల సేకరణ. అటకలు, ట్రంకు పెట్టెలు, అమ్మగారి బీరువాలు వెతకండి. ఆడియో క్యాసెట్లు, వీడియో క్యాసెట్లు, హ్యాండీక్యామ్ చిన్న టేపులు, సీడీలు, ఏవైనా సరే. ఆ చిన్న మినీ డీవీ టేపుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. టేపులే ఆగిపోయాక ఆడించే కెమెరాలు ఎన్నాళ్ళుంటాయి? ఉన్నవి చెడిపోతే బాగుచేసే చేతులు ఎన్నాళ్ళుంటాయి? మన షాపు ఆయనకి అరవై దాటాయి. బూజు కనబడితే ఆడించొద్దు, తుడవొద్దు, పొడి గుడ్డలో చుట్టి తీసుకురండి. ఎండలో మాత్రం పెట్టకండి. లేబుల్ మీద ఏముందో నమ్మకండి, పెళ్ళి అని ఉన్నా తీసుకురండి. మీ ఇంటి సంగతులు ఎవరూ చూడరు, మీ ఎదురుగానే ఎక్కించి, కాలేజీకి సంబంధించింది మాత్రమే ఉంచుకుని, మీ టేపు, మీ కాపీ మీకిచ్చేస్తాం. సీడీల్లో ఉన్నవి కూడా శాశ్వతం అనుకోకండి, చాలావాటిలో పొర లేచిపోతోంది.

ఫోన్లలో ఉన్నవి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపకండి, కుదించేస్తుంది, మొహాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవులో ఇవ్వండి. మూడు కాపీలు ఉంచుతాం. కాలేజీ లైబ్రరీలో ఒకటి, సంఘం హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఊరి బయట ఇంకోచోట ఒకటి. తుపాను ఒకేసారి మూడుచోట్లకి రాదు. ఆ హార్డ్‌డిస్కులు పనిచేస్తున్నాయో లేదో ఏడాదికోసారి తెరిచి చూసే బాధ్యత కార్యవర్గంలో ఒకరి పేరు మీద రాయాలి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు. ఈ సంవత్సరానికి ఆ పని నేను చేస్తాను, రాసుకోండి.

భోజనాలకి టైమవుతోందని సైగ చేస్తున్నారు. నాలుగు నిమిషాలు ఇవ్వండి. టేపులో ఆ తీర్మానం భాగం చూపిస్తాను. లింకులో ఉన్నవాళ్ళకి కూడా కనబడేలా పెట్టు తమ్ముడూ. మొదట పెళ్ళి ఊరేగింపు కొంచెం వస్తుంది, కంగారు పడకండి, దాని వెనకే హాలు వస్తుంది. రెండో వరుసలో తెల్ల చొక్కాతో లేచి మాట్లాడేది మన మాస్టారు. ఆయన వెనక కుర్చీలో కూర్చున్న అబ్బాయి ఇప్పుడు లేడు, మొన్న కరోనాలో పోయాడు. వాళ్ళావిడ లింకులో ఉన్నారు. వదినా, అతను నవ్వే చోటు దగ్గర కాసేపు ఆపమని చెప్పాను.

వెయ్యి తమ్ముడూ.